ప్రాతికామి అడిగిన ప్రశ్న

ఉగాదినాడు పంచాంగ శ్రవణమునకు వచ్చినవారందరును ముందుగా చెవియొగ్గునది ఆదాయ వ్యయముల పట్టికకు. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుచుండగా, ఆదాయము 2, వ్యయము 14 వచ్చినవాడు ప్రక్కవాని ముఖము చూచి నవ్వుటయు, ప్రక్కవాడు ఓదార్చుటయు మనము ఏటేట చూచుచున్నదే. మా వృత్తి గుమాస్తాగిరి. అంకెలు మాకు దినభత్యము. అయినను ఆ పట్టిక విన్నప్పుడెల్ల మాకు మరియొక పట్టిక జ్ఞప్తికి వచ్చును. అది భారతములో సభాపర్వమున ఉన్నది. అందు పంచబడినది ధనము కాదు, పాపము. ఒక సభలో అన్యాయము జరిగినప్పుడు ఆ పాపములో ఎవరి ఖాతాకు ఎంత పడునో అక్కడ వాటాలు వేసి చెప్పబడినది. ఆ లెక్కను ఈ పండుగ సంచికలో మన సోదర సోదరీమణులతో కలిసి ఒకసారి తిరిగి చూడవలెనని మా కోరిక.

మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో చేరినవారము. శాస్త్రములను గురువువద్ద చదువలేదు. కవిత్రయ భారతమును, మూలమునకు గల వచనానువాదములను సెలవు దినములలో చదివికొన్నవారము. పొరపాటు కనబడిన పెద్దలు మన్నింతురు గాక.

మన తాతముత్తాతలలో పెక్కుమంది తెలంగాణ పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని ఈ షోలాపూరునకు వచ్చినవారు. 1860లో ఈ ఊరికి రైలు వచ్చెను. 1877లో ఇక్కడి మొదటి బట్టలమిల్లు పని మొదలుపెట్టెను. కరవు తరిమినవారును, పని వెదకికొన్నవారును ఏండ్ల తరబడి మూటలతో వచ్చి దిగిరి. ఆ మూటలలో భారతకథయు వచ్చినది. మా ఇంట రాత్రివేళ మగ్గము ఆగిన తరువాత మా తాత కథ చెప్పెడివాడు. నేతవారి ఇంటి పిల్లలము గనుక ద్రౌపది వస్త్రాపహరణఘట్టము రాగానే మా సందేహమంతయు చీరను గురించియే. “తాతా, అంత చీర ఎవరు నేసిండ్రు?” అని ఒకనాడు అడిగితిమి. తాత నవ్వలేదు. “అడగవలసినోళ్ళు అడిగి ఉంటే ఆ చీర పనే పడకపోవు గదరా” అనెను. అప్పుడు మాకు అర్థము కాలేదు. ఇప్పుడు ముప్పది దాటి, నలుగురు పైఅధికారుల క్రింద పని చేసిన తరువాత కొంత అర్థమైనది.

ధర్మసంకటమనగా నేమి?

ధర్మము ఒక ప్రక్క, అధర్మము ఒక ప్రక్క నిలిచినప్పుడు చిక్కు లేదు. మనస్సు బలహీనమై తప్పినను బుద్ధికి త్రోవ తెలిసియే ఉండును. ఒక ధర్మమునకు మరియొక ధర్మము అడ్డు వచ్చినప్పుడే చిక్కంతయు. ఆడిన మాట ఒకవైపు, అన్నగారి ప్రాణము ఒకవైపు. తిన్న ఉప్పు ఒకవైపు, కన్నులయెదుట అన్యాయము ఒకవైపు. దీనినే మనవారు ధర్మసంకటమనిరి.

ఈ చిక్కు మన శాస్త్రకారులకు తెలియనిది కాదు. తెలుగుదేశమున పెక్కు కుటుంబములు నేటికిని తమ సూత్రకర్తగా చెప్పుకొను ఆపస్తంబుడు, ధర్మాధర్మములు తమంతట తాము వచ్చి తమ పేరు చెప్పుకొనవనియు, శిష్టులు మెచ్చినదానిని చూచి తెలిసికొనవలెననియు భావము వచ్చునట్లు సూత్రించెను. మనుస్మృతి ధర్మమునకు ప్రమాణములు నాలుగని చెప్పినది: వేదము, స్మృతి, సదాచారము, నాలుగవది తన ఆత్మకు తృప్తి కలుగుట. ఆ నాలుగవదానిని చేర్చిన స్మృతికర్త, పుస్తకము చెప్పలేని వేళలుండునని ఎరిగినవాడే. కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకను ముందుకు పోయినది. పండితుల కంటబడక చిరకాలముండిన ఈ గ్రంథపు తాళపత్రప్రతి 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున ఆర్. శామశాస్త్రిగారి చేతికి వచ్చి, 1909లో అచ్చుపడినది. శాస్త్రవాక్యమునకును న్యాయమునకును విరోధము వచ్చినచో న్యాయమే ప్రమాణమని అందు ఉన్నది. రాజుకొలువు కొరకు వ్రాసిన గ్రంథములో ఈ మాట ఉండుట గమనింపదగినది.

అయితే సూత్రము చెప్పుట సులభము, వేళకు నడచుట కష్టము. అందుకే వ్యాసుడు కథ చెప్పెను. కర్ణపర్వములో అర్జునునికి వచ్చిన సంకటము చూడుడు. “నీ గాండీవము మరియొకరికిమ్ము” అన్నవానిని చంపుదునని అతనికొక రహస్యవ్రతము. కర్ణుని చేత దెబ్బతిని శిబిరమున నున్న ధర్మరాజు బాధలో ఆ మాటయే అనెను. అర్జునుడు కత్తి దూసెను. మాట నిలుపుకొన్న అన్నను చంపవలెను; అన్నను కాపాడిన మాట తప్పవలెను. అప్పుడు కృష్ణుడు అతనిని నిలిపి రెండు కథలు చెప్పెను. కౌశికుడను తాపసి సత్యవ్రతమని, దొంగలకు భయపడి దాగినవారి జాడను ఆ దొంగలకే చెప్పి నరకమునకు పోయెను. బలాకుడను వేటగాడు ప్రాణులకు ముప్పైన ఒక గ్రుడ్డిమృగమును చంపి స్వర్గమునకు పోయెను. తరువాత కృష్ణుడే ఉపాయము చూపెను: గౌరవింపదగిన పెద్దను ఏకవచనముతో పిలిచి అవమానించిన అది అతనిని చంపుటతో సమానము. పెద్దలను “మీరు” అని పిలుచు ఇండ్లవారికి ఈ మాటలోని పదును వెంటనే తెలియును. అర్జునుడట్లే చేసెను, చేసి సిగ్గుతో తన్ను తానే చంపుకొనబోయెను. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని చెప్పి కృష్ణుడు దానినుండియు తప్పించెను.

ఇందు మనము నేర్వదగినది ఒకటి కలదు. వ్రతమునకు అక్షరముండును, ప్రయోజనముండును. అక్షరము ప్రయోజనమును మ్రింగునప్పుడు ఒక క్షణమాగి అడుగవలెను. అర్జునునికి ఆపి అడుగుటకు కృష్ణుడుండెను. కృష్ణుడు ప్రక్కన లేని సామాన్యుని గతి యేమి? ఆ ప్రశ్నకు జవాబు సభాపర్వములోనే ఉన్నదని మా అభిప్రాయము.

పేరులేని సేవకుడు

ద్యూతకథ మీకందరకు తెలిసినదే గనుక విస్తరింపము. ధర్మరాజు ధనమును, రాజ్యమును, తమ్ములను ఓడి, తన్ను తాను ఓడి, కడపట ద్రౌపదిని ఒడ్డి ఓడెను. దుర్యోధనుడు ఆమెను తెమ్మని మొదట విదురునికే చెప్పెను. విదురుడు నిరాకరించి, ఇది వంశనాశమునకు మూలమని హెచ్చరించెను. అప్పుడు దుర్యోధనుడు ప్రాతికామిని పిలిచెను.

ఎవరీ ప్రాతికామి? సూతకులమువాడు, కొలువులో ఆజ్ఞలు మోయువాడు. ప్రాతికామి అను మాటకే సేవకుడు, వార్తాహరుడు అని అర్థము. కొందరు దానినే పేరుగా వాడుదురు గాని, అది మన కార్యాలయములలో “జవాను” అని పిలిచినట్లు పనిని బట్టి వచ్చిన పిలుపువలెనే ఉన్నది. ఆ సభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు, కన్నులు లేకున్నను చెవులున్న రాజున్నాడు. వారందరి నడుమ అతిచిన్నవాడు ఇతడే. విదురుడు కాదనినను అతనికి పోవునది లేదు, రాజు తమ్ముడు. ఇతడు కాదనిన బ్రతుకే పోవును.

అతడు పోయెను. ద్రౌపదికి సంగతి చెప్పెను. ఆమె ఆజ్ఞను వెంటనే అంగీకరింపలేదు, ఏడ్వను లేదు. భార్యను ఒడ్డు రాజకుమారుడెవడు, ఒడ్డుటకు వేరొకటి లేకపోయెనా అని అడిగెను. తమ్ములను, తరువాత తన్ను, తరువాత నిన్ను అని అతడు ఉన్నది ఉన్నట్లు చెప్పెను. గుమాస్తా కన్నుతో చూచిన ఇది చిన్న విషయము కాదు. ద్రౌపది ప్రశ్న పుట్టినది ఆ వరుసనుండియే. ఆ వరుసను దాచక చెప్పినవాడు ప్రాతికామియే. ముందు తన్ను ఓడి దాసుడైనవానికి భార్యను ఒడ్డు అధికారమెక్కడిది? ముందెవరిని ఓడెనో పోయి సభలో అడిగి రమ్మని ఆమె అతనిని త్రిప్పి పంపెను.

ఇక్కడ ప్రాతికామి చేసిన పని చాలమంది కథకుల దృష్టికి రాదు. అతడు తిరిగి వచ్చి నిండుసభలో, ఓడిన రాజును ఉద్దేశించి, ఎవరికి ప్రభువై నన్ను ఓడితివని ద్రౌపది అడుగుచున్నదని చెప్పెను. ధర్మరాజు ప్రాణము లేనివానివలె ఊరకుండెను. ఆమెనే ఇక్కడికి వచ్చి అడుగుమనుము అని దుర్యోధనుడనెను. ప్రాతికామి మరల పోయెను. ఈసారి వ్యథపడుచు పోయెను. సభ్యులు పిలుచుచున్నారు, కౌరవులకు చేటుకాలము వచ్చినట్లు తోచుచున్నదని ఆమెకు చెప్పెను. ఆజ్ఞ చెప్పెను, ఆజ్ఞపై తన మనస్సులోని మాటయు చెప్పెను.

తరువాత దుర్యోధనుడు ఆమెను తెమ్మని మరల ఆజ్ఞాపించినప్పుడు అతడు కదలలేదు. ద్రౌపది కోపమునకు భయపడెననియు, తన అభిమానమును ప్రక్కకు నెట్టి, “నేను ఆమెతో ఏమి చెప్పవలెను?” అని సభ్యులను అడిగెననియు కథ. ఇతనికి తిరుగుబాటు చేయు బలము లేదు. ఆయుధము లేదు. ఉన్నది ఒక్క ప్రశ్న. ఆజ్ఞ ఇచ్చినవానిని విడిచి, ఊరకున్న పెద్దలవైపు తిరిగి ఆ ప్రశ్న వేసెను. ఎవరును బదులు చెప్పలేదు. దుర్యోధనుడు, వీడు మందబుద్ధి, భీమునికి భయపడుచున్నాడు అని అతనిని త్రోసి దుశ్శాసనుని పంపెను. అంతటితో ప్రాతికామి కథలోనుండి తొలగిపోవును. తరువాత ఏమయ్యెనో వ్యాసుడు చెప్పలేదు. చిన్న ఉద్యోగుల సంగతి చరిత్రలో సాధారణముగా ఇంతే.

ధైర్యముతో ఆగెనా, భయముతో ఆగెనా అని ఎవరైనను అడుగవచ్చును. భయముతోనే అని మూలమే చెప్పుచున్నది. ఐనను అతనిచేత ఆమె జుట్టు పట్టించుట జరుగలేదు. ఆ సభలో భయము లేనివారు చాలమంది ఉండిరి. వారి వలన ఆమెకు కలిగిన మేలేమి?

భీష్ముని జవాబు, వికర్ణుని జవాబు

ద్రౌపదిని ఈడ్చుకొని వచ్చిన తరువాత ఆమె అదే ప్రశ్నను స్వయముగా వేసెను. భీష్ముడు, ధర్మము సూక్ష్మమని, స్వామిత్వము లేనివాడు ఒడ్డలేడనియు, భార్య భర్తకు వశమనియు రెండును చూడవలసియున్నదని, తాను నిర్ణయింపలేకున్నాడని చెప్పెను. భీష్ముని మాటలో అబద్ధము లేదు. చిక్కు నిజముగానే ఉన్నది. కాని ఇల్లు కాలుచుండగా నీటిలోతు కొలుచుచు కూర్చున్నవానివలె ఆ నిజము నిరుపయోగమయ్యెను.

ధృతరాష్ట్రుని కుమారులలో వికర్ణుడొక్కడు లేచి, పెద్దలు చెప్పకున్న నేను చెప్పెదనని, వ్యసనములో మునిగినవాడు ఇతరుల ప్రేరణచే ఒడ్డిన పందెము చెల్లదని, ద్రౌపది అయిదుగురకును భార్య గనుక ఒక్కనికి ఒడ్డు హక్కు లేదని, తన్ను ముందు ఓడినవానికి అసలే లేదని వాదించెను. కర్ణుడు అతనిని బాలుడని గద్దించి కూర్చుండబెట్టెను.

అటుపిమ్మట విదురుడు ఒక పాతకథ చెప్పెను. మేము మొదట ప్రస్తావించిన లెక్క అందులోనిది. ప్రహ్లాదుని కొడుకు విరోచనుడును, అంగిరసుని కొడుకు సుధన్వుడును ఒక కన్య విషయమై, మనలో ఎవరధికులని ప్రాణములు పందెముగా ఒడ్డి, తీర్పునకు ప్రహ్లాదునివద్దకే పోయిరి. తండ్రి ధర్మము కొడుకును కాపాడుమనును. న్యాయాధిపతి ధర్మము నిజము చెప్పుమనును. ప్రహ్లాదుడు తొట్రుపడి కశ్యపుని అడుగగా, కశ్యపుడు చెప్పిన సారాంశమిది: అధర్మమనెడి ముల్లు గ్రుచ్చుకొనిన ధర్మము సభకు వచ్చినప్పుడు, ఆ ముల్లును తీయని సభ్యులకే ఆ ముల్లు దిగును. పాపములో సగము సభకు పెద్దయైనవానికి, పావు చేసినవానికి, పావు నిందింపదగినదానిని నిందింపక కూర్చున్న సభ్యులకు. నిందింపదగినది నిందింపబడినచో పెద్దకును సభ్యులకును పాపము లేదు. అంతయు చేసినవానికే పోవును. ప్రహ్లాదుడు కొడుకునకు ఎదురుగా, సుధన్వుడే అధికుడని తీర్పు చెప్పెను. పుత్రప్రేమను విడిచి ధర్మమున నిలిచితివని మెచ్చి సుధన్వుడు విరోచనుని ప్రాణముతో విడిచెను.

మనుస్మృతిలోను న్యాయసభను గూర్చి ఇట్టి పట్టికయే కలదు. అక్కడ వాటాలు వేరు: చేసినవానికి పావు, సాక్షికి పావు, సభ్యులకు పావు, రాజునకు పావు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన మాకు ఆశ్చర్యము కలిగినది. రెండింటిలోను చేసినవానికి పావే. మిగిలిన ముప్పాతిక చూచినవారిపైన, కూర్చున్నవారిపైన, పెద్దలపైన. మన సామాన్య బుద్ధికి చేసినవానిదే నూటికి నూరు పాళ్ళు అనిపించును. మన ప్రాచీనులు అట్లనుకొనలేదు. రెండును చివర ఒకే మాట చెప్పుచున్నవి. ఎవరైనను ఇది తప్పు అని పలికినంతనే లెక్క అంతయు మారి ఆ ముప్పాతికయు చేసినవానికే తిరిగి పోవును.

విదురుడీ కథ చెప్పిన తరువాతను సభ్యులు నోరు విప్పలేదు. కడపట దుశ్శకునములు చూచి ధృతరాష్ట్రుడు భయపడి ద్రౌపదికి వరములిచ్చెను. ఆమె భర్తల స్వేచ్ఛను కోరెను. మూడవ వరము కోరలేదు. ఆమె ప్రశ్నకు జవాబు మాత్రము ఆ సభలో నాడును రాలేదు, ఆ తరువాతను రాలేదు.

ఉప్పు తిన్న ఋణము

ఆ సభలో పెద్దలు ఎందుకు ఊరకుండిరో తెలియవలెనన్న భీష్మపర్వమునకు పోవలెను. యుద్ధారంభమున ధర్మరాజు కవచము విడిచి కాలినడకన శత్రుసైన్యములోనికి పోయి గురువృద్ధుల ఆశీస్సు కోరెను. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, శల్యుడు ఒకే జవాబు చెప్పిరి: పురుషుడు అర్థమునకు దాసుడు, అర్థము ఎవనికిని దాసి కాదు, కౌరవుల ధనముచే కట్టుబడితిమి. ఇంతటి మహావీరులు తమ జీతము చేత బంధింపబడితిమని ఒప్పుకొనుట చదివి ఏ ఉద్యోగికి గుండె బరువెక్కదు?

అదే సమయమున ధర్మరాజు, మా పక్షమునకు వచ్చువాడెవడైన ఉన్న రమ్మని పిలిచెను. ధృతరాష్ట్రునికి వైశ్యస్త్రీయందు పుట్టిన యుయుత్సుడు ఒక్కడు దాటి వచ్చెను. వికర్ణుడు రాలేదు. సభలో ధర్మము పలికినవాడే అన్నల పక్షమున యుద్ధము చేసి, ద్రోణపర్వములో భీముని చేత చచ్చెను. చంపిన భీముడే అతనికై శోకించెను. యుయుత్సుడు బ్రతికి, పాండవులు మహాప్రస్థానమునకు పోవునప్పుడు పరీక్షిత్తు రాజ్యమును చూచుకొను బాధ్యతను పొందెను. రామాయణములోను ఇట్టి జంట కలదు. కుంభకర్ణుడు అన్న చేసినది తప్పని చెప్పి అన్నకొరకే చచ్చెను. విభీషణుడు తప్పని చెప్పి వెడలిపోయెను. మారీచుడు వద్దని ఎంతయో చెప్పి, చంపుదునని రావణుడు బెదరింపగా, చచ్చునది రాముని చేతనే చత్తునని బంగారులేడి అయ్యెను.

వీరిలో ఎవరిది సరియని మేము తీర్పు చెప్పజాలము. ఇతిహాసకర్తలును ఒక్కటే త్రోవ అని చెప్పలేదు. వెడలిపోవుటకు కొందరికి వీలుండును, కొందరికి ఉండదు. పిల్లలున్నవానికి, ముసలితల్లి ఉన్నవానికి కొలువు విడుచుట మాటలు కాదు. కాని వికర్ణుడు, కుంభకర్ణుడు, విభీషణుడు, మారీచుడు, అందరును ఒక పని చేసిరి: ముందు నోరు తెరచి చెప్పిరి. ప్రాతికామియు అంతే. భీష్మద్రోణుల దుఃఖము అక్కడనే ఉన్నది. కొలువులో ఉండుట వారి తప్పు కాకపోవచ్చును. కొలువులో ఉండి ఆ వేళ ఊరకుండుట తప్పు. అంపశయ్యపై నుండి శాంతిపర్వమున రాజధర్మము, ఆపద్ధర్మము చెప్పిన భీష్ముని చూచి ద్రౌపది నవ్వెననియు, దుర్యోధనుని అన్నమువలన పుట్టిన రక్తము ఇప్పుడు కారిపోయినదని భీష్ముడు చెప్పెననియు మన పెద్దవారు కథ చెప్పుదురు. అది మూలభారతములోనిది కాదు. జనులు కల్పించుకొన్నది. కాని ఎందుకు కల్పించుకొనిరో ఊహింపవచ్చును. ఆ మౌనము వారిని తరతరములుగా బాధించినది.

తెలుగులోనికి వచ్చిన త్రోవ

ఈ సభాపర్వము తెలుగులోనికి వచ్చినది 11వ శతాబ్దిలో. రాజమహేంద్రవరమున చాళుక్య రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు ఆదిసభాపర్వములను, అరణ్యపర్వములో కొంతభాగమును రచించెను. 13వ శతాబ్దిలో నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని తిక్కన విరాటపర్వమునుండి కడవరకు పదునైదు పర్వములు పూర్తి చేసెను. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును నింపెను. ఇందు మేము గమనించినది ఒకటి. నన్నయ రాజుకొలువులో కూర్చుండి, రాజసభ తప్పు చేసిన కథను, రాజు వినుచుండగా తెలుగు చేసెను. తిక్కన కావ్యకర్తయే గాక మంత్రియు. కొలువు కష్టము వారికి తెలియును. సభాపర్వమును తగ్గించి దాచవలెనని నన్నయ తలంపలేదు.

ఇటీవలి చరిత్రలో మన పొరుగునే ఒక మహత్కార్యము జరిగినది. పుణెలోని భండార్కరు ప్రాచ్యవిద్యాసంస్థవారు 1919లో ఆరంభించి 1966లో భారతమూలమునకు పరిశోధిత ప్రతిని పూర్తి చేసిరి. వేయికి పైబడిన వ్రాతప్రతులను చూచిరి. అందు తెలుగు లిపి ప్రతులును ఉన్నవి. ఆ ప్రతిలో ద్రౌపది కృష్ణుని పిలిచిన శ్లోకములు మూలములో లేవు, అడుగుభాగమున ఉన్నవి. చీరలు మాత్రము ఒకదానివెంట ఒకటి వచ్చుచునే ఉన్నవి. భక్తులకు ఇది లోటుగా తోచవచ్చును. కాని ప్రాతికామి మూలములోనే ఉన్నాడు. అతడు అడిగిన ప్రశ్నయు ఉన్నది.

మా ఖాతాలోని పావు

ఇంతవరకు ఇతరుల మాటలు చెప్పితిమి. మా మాట చెప్పకున్న ఈ వ్యాసము నిజాయితీగల లెక్క కాజాలదు.

రైల్వేలో చేరుటకు పూర్వము మేము ఒక సరకుల గోదాములో కొంతకాలము గుమాస్తాగా ఉంటిమి. ఒక వానకాలము రాత్రి, చిన్న నేతకాని దుప్పట్ల మూట ఆరుబయట ఉండిపోయి తడిసి చెడినది. మూట లోపలకు చేర్చనిది మావారే. మరునాడు పైవాడు, “కట్టుడు సరిగా లేదని రాయి” అనెను. మేము వ్రాసితిమి. నేతకాడు వచ్చి, మంచి గోనెతో రెండుపొరలు కట్టితినని, అప్పుతెచ్చిన నూలని చెప్పికొనెను. మేము పుస్తకము చూపితిమి. పుస్తకములో ఉన్నది మా చేతివ్రాతయే. అతడు చదువజాలడు; ఆ అక్షరములను కొంతసేపు చూచి, “అట్ల రాసి ఉన్నదా?” అని అడిగి, మూట భుజమున వేసికొని పోయెను. మగ్గము మీద పెరిగిన కుటుంబమువారము గనుక ఆ మూటలో ఎన్ని దినముల పని ఉన్నదో మాకు తెలియును.

ప్రాతికామి ఆజ్ఞ మోసెను. ప్రశ్నను కూడ త్రిప్పి మోసెను. మేము ఆజ్ఞ మాత్రమే మోసితిమి. “ఏమని వ్రాయవలెను, మూట బయట ఉండెను గదా?” అని ఒక్కమాట అడిగియున్న పైవాడు కోపించునేమో, కొలువు పోవునో పోదో చెప్పలేము. అడుగలేదు గనుక ఎన్నటికిని తెలియదు. కశ్యపుని లెక్కప్రకారము సభ్యుని పావు మాది. మనువు లెక్కప్రకారము సాక్షి పావుకూడ మాదే.

ఇప్పటి కొలువులో మేము ప్రతిదినము చూచు ఒక నియమము మాకు ధర్మశాస్త్రమువలె తోచును. సిగ్నలు ఎరుపుగా ఉన్నప్పుడు, ఎంతవాడు నోటిమాటతో పొమ్మనినను డ్రైవరు బండి కదలింపరాదు. నియమము చెప్పిన అధికారపత్రము చేతికి రావలెను. ఇది పైవారిని అవమానించుట కాదు. వందలమంది ప్రాణములు వెనుక ఉన్నవని గుర్తుచేయుట. అడుగుట అవిధేయత కాదు. సరిగా అడిగిన ప్రశ్న కొలువునకు చేసిన సేవలలో ఒకటి. దుర్యోధనునికి ఆనాడు నిజమైన సేవ చేసినవారు విదురుడు, వికర్ణుడు, ప్రాతికామి. వారి మాట వినియున్న అతని తొడ విరుగకపోయెడిది.

ప్రియ సోదరులారా, మనము పరరాష్ట్రమున స్థిరపడినవారము. మిల్లులలో, మగ్గములవద్ద, కార్యాలయములలో, దుకాణములలో ఒకరి క్రింద పని చేసియే బ్రతికితిమి. అణిగి మణిగి ఉండుట మన పెద్దలకు మొదట అవసరమై, తరువాత అలవాటైనది. ఆ అలవాటులో మంచియు కలదు. కాని మన సంఘసభలలో, మన పంచాయితీలలో, మన ఇండ్లలో కోడలి కన్నీటియెదుట, పేదవాని మూటయెదుట, పెద్దలున్నారు గదా అని చిన్నలు, చిన్నలు అడుగలేదు గదా అని పెద్దలు ఊరకున్నచో, ఆ ముప్పాతికను మనము పంచుకొనుచున్నామని మరువరాదు. యుయుత్సునివలె దాటిపోవు బలము అందరికి ఉండదు. ప్రాతికామివలె తిరిగి వచ్చి ఒక్కసారి అడుగుట ఎవరికైనను సాధ్యమే.

ఈ ఉగాదికి సిద్ధాంతిగారు ఆదాయ వ్యయములు చదివినప్పుడు నవ్వుకొందము. వేపపువ్వు చేదును బెల్లపు తీపితో కలిపి స్వీకరింతము. ఆ పట్టికలోని అంకెలు మన చేతిలో లేవు. రెండవ పట్టికలోని అంకెలు మాత్రము చాలవరకు మన నోటిలో ఉన్నవి. మన సంఘ సభ్యులకందరకు, వారి కుటుంబములకు నూతన సంవత్సరము శుభము కలిగించుగాక.